రైడింగ్ బూట్లు కొనేముందు ఒకసారి అడ్డంగా పిండి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. నిజాంపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకి రోజూ రానూపోనూ 25 కిలోమీటర్లు, నెలకోసారి వికారాబాదో శ్రీశైలమో. బూట్లకి 10 వేల వరకు పెట్టగలరు. పాదం వెడల్పు, మామూలు షూలే చిటికెనవేలి దగ్గర కరుస్తాయి. ఆఫీసులో చెప్పులు మార్చుకునే వీల్లేదు. ఫ్యాక్టరీలో వేసుకునే సేఫ్టీ షూ చాలని ఒక స్నేహితుడు అన్నాడు, వాటర్‌ప్రూఫ్ లేకపోతే దండగని ఇంకొకాయన అన్నాడు. ఏ కంపెనీవి కొనాలని, చివర్లో, వెనక కూర్చునే మీ ఆవిడకి ఏం కొనాలని అడిగారు. అన్నా అని పిలిచి అడిగారు కాబట్టి, కాస్త పొడుగైనా, చనువుగానే చెప్తాను.

నేను బండి నడపబట్టి 24 ఏళ్ళు. మొదటి ఎనిమిదేళ్ళు బూట్ల సంగతే పట్టించుకోలేదు. హెల్మెట్ ఉంది, లెదర్ జాకెట్ ఉంది, కాళ్ళకి స్పోర్ట్స్ షూ. ఒకసారి శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటకముందే టీ తాగుదామని బండి రోడ్డు పక్కకి దించాను. తారు అంచు దిగితే గులకరాళ్ళు. స్పీడు ఇరవై కూడా ఉండదు. ముందు చక్రం జారింది, బుల్లెట్ ఎడమవైపు పడింది, నా పాదం ఫుట్‌రెస్ట్‌కీ నేలకీ మధ్య ఇరుక్కుంది. లెగ్ గార్డ్ ఉంది. కానీ అది కాపాడే చోటికి నా పాదం రెండు జానల వెనక ఉంది. టీ కొట్టు వాళ్ళు వచ్చి బండి లేపారు. చిటికెనవేలి వైపు పొడుగాటి ఎముక విరిగింది, ఆరు వారాలు పిండికట్టు. ఇంటికొచ్చాక షూ చూసుకుంటే ఒక్క గీత లేదు. షూ కొత్తదానిలా ఉంది, లోపల కాలు మాత్రం విరిగింది.

ఆ షూని చాలా రోజులు పారేయకుండా ఉంచుకున్నాను. అప్పటిదాకా బూట్లంటే తారు మీద ఈడ్చుకుపోతే చర్మం లేవకుండా ఉండటానికని అనుకునేవాణ్ణి. అది కూడా నిజమే. కానీ మనలా ఊళ్ళో తిరుగుతూ అప్పుడప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్ళకి కాలు పోయేది ఎక్కువగా ఈడ్చుకుపోయి కాదు. బండి మీద పడి నలగడం, కాలు ఆనించబోయి చీలమండ మెలికపడటం, ఈ రెండే ముందుంటాయి. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. సిగ్నల్ దగ్గర నిలబడి ఉండగా ఒరిగినా ఆ బరువంతా ఎక్కడో ఒకచోట ఆగాలి. చీలమండ విషయం ఇంకా చెడ్డది. అందులో టేలస్ అని ఒక ఎముక ఉంటుంది. దానికి రక్తం అందేదే అంతంతమాత్రం. బాగా విరిగితే అతకడం ఆలస్యం అవుతుంది, ఒక్కోసారి లోపల ఎముక భాగమే చచ్చిపోతుంది. చెయ్యి విరిగినట్టు నెలన్నరలో మర్చిపోయే వ్యవహారం కాదు.

కాబట్టి షాపులో బూటు చేతిలోకి తీసుకోగానే చేయాల్సింది ఇది. మునివేళ్ళు మొదలయ్యే చోట, అంటే సోల్ బాగా వెడల్పుగా ఉన్నచోట, రెండు అరచేతులతో అటూ ఇటూ పట్టుకుని అడ్డంగా పిండండి. నిమ్మకాయ పిండినట్టు. సోల్ గొట్టంలా ముడుచుకుపోతే, దాని మీద ఏ బొమ్మ ముద్రించి ఉన్నా సరే, అది నడక షూ. మీ బలమంతా పెట్టినా అది పలకలా అలాగే ఉండాలి. తర్వాత మడమ ఒక చేత్తో, ముందుభాగం ఇంకో చేత్తో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. కొంచెం తిరగొచ్చు, పూర్తిగా తిరగకూడదు. మూడోది, మడమ వెనక కప్పు లాంటి భాగాన్ని బొటనవేలితో నొక్కండి. లోపలికి పోకూడదు. చివరగా గిలకల దగ్గర, అంటే చీలమండకి అటూ ఇటూ పొడుచుకొచ్చే ఎముకల దగ్గర, లోపలివైపూ బయటివైపూ రెండింటిలోనూ, గట్టి బిళ్ళ ఉందో లేదో తడిమి చూడండి. చాలా బూట్లలో బయటివైపే ఉంటుంది, లోపలివైపు ఉత్త స్పాంజి. బండి ఇంజిన్ మీ గిలకకి తగిలేది లోపలివైపు నుంచే కదా.

ఇప్పుడు లేబుల్ సంగతి. మన దేశంలో హెల్మెట్‌కి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. రైడింగ్ బూట్లకి అలాంటి చట్టం లేదు, అందుకే ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు. నమ్మదగ్గది యూరప్‌వాళ్ళ ప్రమాణం, ఈఎన్ 13634. బూటు నాలుక మీదో లోపలివైపో కుట్టిన గుడ్డ ముక్క మీద బైకు మీద కూర్చున్న మనిషి బొమ్మ, దాని కింద నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కోటి 1 గాని 2 గాని. మొదటిది ఎత్తు: 1 అంటే చీలమండ కప్పేంత, 2 అంటే అంతకంటే పొడుగు. రెండోది రాపిడి, మూడోది కోత, నాలుగోది ఇందాక నేను చేతులతో పిండమన్నదే. ల్యాబ్‌లో బూటుని అడ్డంగా ప్రెస్‌లో పెట్టి 20 మిల్లీమీటర్లు నొక్కుకుపోవడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. దాదాపు 100 కిలోల బరువుకి సమానమైన బలం తట్టుకుంటే 1, దాదాపు 150 కిలోలైతే 2. మీ 10 వేలలో నాలుగూ 2 దొరక్కపోవచ్చు. దొరక్కపోతే నేనైతే ఎత్తులో రాజీపడతాను, నాలుగో అంకెలో పడను. రాపిడి అంకె కోసం ప్రాణం పెట్టేవాళ్ళు ట్రాక్ మీద నడిపేవాళ్ళు. మీరు కాదు.

అంకెల పక్కన ఒక్కోసారి అక్షరాలు కూడా ఉంటాయి. ఐపీఏ అంటే చీలమండ దగ్గర దెబ్బ తట్టుకునే పరీక్ష పాసైందని. ఐపీఎస్ అంటే పోలీసాఫీసరు కాదు, మోకాలి కింద ముందరి ఎముకకి అదే పరీక్ష. డబ్ల్యూఆర్ నీళ్ళకి, ఎఫ్ఓ సోల్ మీద పెట్రోలు, నూనె పడితే పాడవదని. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఐపీఏ తప్పనిసరి కాదు, కంపెనీ ఇష్టపడి చేయించుకునేది. నాలుగు అంకెలూ 2 ఉన్న బూటుకి కూడా చీలమండ పరీక్ష జరగకపోయి ఉండొచ్చు. అందుకే లేబుల్ చూసినా మళ్ళీ చేత్తో తడమండి అంటున్నాను.

ఇంకో మోసం ఇంతకంటే మామూలు. ప్రకటనలో 'సీఈ సర్టిఫైడ్ ప్రొటెక్షన్' అని ఉంటుంది. సీఈ అంటే యూరప్‌వాళ్ళ ముద్ర. చదివితే బూటు మొత్తానికి సర్టిఫికెట్ ఉందనిపిస్తుంది. నిజానికి గిలక దగ్గర పెట్టిన ఆ చిన్న బిళ్ళకి మాత్రమే ఉంటుంది. బూటుకి ఏ పరీక్షా జరగలేదు. కంపెనీవాళ్ళకి మెయిల్ పెట్టి, బూటు మొత్తానికి ఈఎన్ 13634 ఉందా, లేబుల్ ఫొటో పంపండి అని అడగండి. ఉన్నవాళ్ళు గంటలో పంపుతారు. లేనివాళ్ళు 'హై క్వాలిటీ సర్' అంటారు.

సేఫ్టీ షూ గురించి. మీ స్నేహితుణ్ణి పూర్తిగా తప్పుపట్టను. స్పోర్ట్స్ షూ కంటే అది నయం: తోలు మందం, సోల్ నూనె మీద జారదు, పన్నెండు పదమూడు వందలకే వస్తుంది. ముందున్న ఇనుప టోపీ 200 జౌళ్ళ దెబ్బకి ఓర్చుకోవాలని ప్రమాణం, అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి వేళ్ళ మీద పడ్డా ఆగాలి. కానీ అది పైనుంచి పడే దెబ్బకి, వేళ్ళకి మాత్రమే. వేళ్ళ వెనక పాదానికీ చీలమండకీ అందులో ఏమీ లేదు. పైగా ఆ టోపీ లావు వల్ల గేర్ లివర్ కిందకి వేళ్ళు దూరవు. మీ క్లాసిక్‌కి మడమతో వేసే గేర్ ఉంది కాబట్టి నెట్టుకురావచ్చు. అయినా గేర్ తగ్గించాల్సినప్పుడల్లా బండి మీద ఏదో బరువు కాలితో నెడుతున్నట్టు ఉంటుంది. కంటోన్మెంట్ వైపు దుకాణాల్లో దొరికే డీఎంఎస్ (సోల్ నేరుగా అచ్చుపోసిన) ఆర్మీ బూట్లూ ఇంతే. తోలు గట్టిది, చీలమండని చుట్టి పట్టుకుంటుంది. గట్టి బిళ్ళలు లేవు, లేసులు బారెడు. డబ్బు అసలు లేదంటే అవి వేసుకోండి. 10 వేలు ఉన్నాయంటున్నారు కాబట్టి వద్దు.

ఎత్తు ఎంత ఉండాలన్నది మీ విషయంలో తేలిక. లెక్క చూడండి. ఆఫీసుకి నెలకి 22 రోజులు వేసుకుంటే 550 కిలోమీటర్లు. శ్రీశైలం వెళ్ళొస్తే సుమారు 430, అదీ నెలకి ఒక్కసారి, కొన్ని నెలలు అదీ ఉండదు. పిక్క సగం వరకు వచ్చే టూరింగ్ బూట్లు కొంటే శ్రీశైలానికి బ్రహ్మాండం. కానీ ఆఫీసుకి రెండో వారం నుంచి వేసుకోరు. నేను ఆ పని చేశాను. ముచ్చటపడి కొన్న పొడుగు బూట్లు ఏడాదిలో 11 సార్లు వేశాను, మిగతా రోజుల్లో మళ్ళీ అదే స్పోర్ట్స్ షూ. చీలమండ మీదకి నాలుగు వేళ్ళ ఎత్తు వచ్చే పొట్టి రైడింగ్ బూటు, నల్లది, జిప్ ఉన్నది తీసుకోండి. ప్యాంటు పైన పడితే మామూలు షూలాగే కనిపిస్తుంది, మీటింగులో ఎవరూ కిందకి చూడరు. ఘాట్ రోడ్లు పెరిగి, లడఖ్ వైపు మనసు మళ్ళితే అప్పుడు పొడుగు జత విడిగా కొనుక్కోవచ్చు.

ఇక అసలు బాధ, వెడల్పు పాదం. నాదీ అదే పాదం కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను.

సాయంత్రం ఆరు తర్వాత, బండి మీద వేసుకునే సాక్స్ తొడుక్కుని, ఏ4 కాగితం మీద నిలబడండి. కూర్చుని కాదు, బరువంతా కాలి మీద ఉండాలి. పెన్సిల్ నిలువుగా పట్టుకుని ఇంకొకరి చేత చుట్టూ గీయించండి. రెండు కాళ్ళకీ. పొద్దుటి పాదానికీ సాయంత్రం పాదానికీ తేడా ఉంటుంది, రెండు పాదాల మధ్య కూడా ఉంటుంది. పెద్ద పాదాన్నే లెక్కలోకి తీసుకోండి. మడమ నుంచి పొడుగాటి వేలి దాకా ఎన్ని సెంటీమీటర్లో, అడ్డంగా బాగా వెడల్పు ఉన్నచోట ఎంతో రాసుకోండి. బూటు సైజు నంబర్లని నమ్మొద్దు. ఒక కంపెనీ 43 ఇంకో కంపెనీ 42కి సరిపోతుంది. సైజు చార్టులో సెంటీమీటర్ల వరస ఒక్కటే చూడండి. దాని పైన వేళ్ళ ముందు ఒక సెంటీమీటరుకి అటూ ఇటూ ఖాళీ ఉండాలి.

షాపులో ఇంకో చిట్కా. బూటు లోపలి అట్ట బయటికి లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. మీ పాదం అంచులు అట్ట దాటి బయటికి వస్తున్నాయంటే ఆ బూటు మీది కాదు. ఒక సైజు పెద్దది తీసుకుంటే సరిపోతుందని సేల్స్‌మన్ అంటాడు. పొడవు పెరుగుతుంది, వెడల్పు ఎంతో పెరగదు, పైగా మడమ లోపల ఆడటం మొదలవుతుంది. మడమ ఆడితే గిలక బిళ్ళ గిలక మీద ఉండదు, పక్కకి పోతుంది. అప్పుడు డబ్బు పెట్టి కొన్న రక్షణ సరైన చోట లేనట్టే. వెడల్పు అచ్చు మీద చేసిన బూటే వెతకాలి.

కొత్త బూటు కరుస్తుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది అంటారు. సగం నిజం. అసలు తోలైతే వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు. మైక్రోఫైబర్ అనే కృత్రిమ తోలైతే రెండింటిలోనూ సాగదు, మొదటి రోజు ఎలా ఉందో రెండేళ్ళకీ అలాగే ఉంటుంది. రైడింగ్ బూటు గట్టిగా ఉండటం వేరు, కరవడం వేరు. మొత్తం పాదమంతా బిగువుగా, నడుస్తుంటే చెక్క కాళ్ళ మనిషిలా ఉంటే అది మామూలే, వారంలో అలవాటవుతుంది. ఒక్క చోట, వేలు పెట్టి ఇక్కడ అని చూపించగలిగేలా నొప్పి ఉంటే మాత్రం అది చెప్పులో రాయే. తగ్గదు. ఇంట్లో శుభ్రమైన గచ్చు మీద గంటసేపు వేసుకుని తిరగండి, తర్వాత స్టాండ్ వేసిన బండి మీద కూర్చుని పది నిమిషాలు గేర్ వేసే భంగిమలో పాదం ఉంచండి. నిలబడితే తెలియని నొప్పి మోకాలు మడిస్తే తెలుస్తుంది, ముఖ్యంగా మీగాలి మీదా బూటు పై అంచు దగ్గరా. సోల్ మీద మరక పడకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే ఈ షరతు ముందే చూసుకోండి.

బూట్లు కుదిరాక బండిని బూట్లకి సర్దాలి. ఈ పని ఎవరూ చేయరు, చేయక 'ఈ బూట్లతో గేర్ పడట్లేదు' అని అమ్మేస్తారు. మీ గేర్ లివర్ ఎత్తు మీరు చెప్పులతోనో పల్చటి షూతోనో నడిపినప్పటిది. లావు బూటు కిందకి దూరాలంటే ముందు భాగం కొద్దిగా పైకి రావాలి. మెకానిక్‌కి పది నిమిషాల పని, బూట్లు వేసుకునే వెళ్ళండి. వెనక మడమ లివర్ బూటుకి తగులుతుంటే అది కూడా అప్పుడే తెలుస్తుంది. కుడివైపు బ్రేక్ పెడల్ కూడా చూడండి: మందపాటి సోల్‌తో తెలియకుండానే పాదం పెడల్ మీద ఆని ఉండిపోతుంది, బ్రేక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, వెనక వచ్చేవాడికి మీరు ఎప్పుడు ఆగుతారో తెలియదు. పెడల్ ఎత్తు మార్పిస్తే బ్రేక్ లైట్ స్విచ్ కూడా సరిచేయించండి. అన్నీ అయ్యాక మొదటి రెండు రోజులు ఖాళీ రోడ్డు మీద నడపండి. కాలికి గేర్ స్పర్శ మారుతుంది, అది ట్రాఫిక్‌లో నేర్చుకునే సంగతి కాదు.

లేసులా జిప్పా అంటే, జిప్. లేసులు బిగువు బాగా సర్దుతాయి, కాదనను. కానీ ఎడమ కాలి లేసు ఉచ్చు గేర్ లివర్‌కి తగులుకుంటే, సిగ్నల్ దగ్గర కాలు దించబోతారు, కాలు రాదు, మెల్లగా, అందరూ చూస్తుండగా, చెట్టు కూలినట్టు పడతారు. నాకు తెలిసి ఇద్దరు ఇలా పడ్డారు. లేసులే నచ్చితే కొసలు లోపలికి దోపుకోండి, లేదా పైన పట్టీ ఉన్న బూటు చూడండి. జిప్ ఉన్నదాంట్లో పైన వెల్క్రో మూత ఉండాలి. జిప్ లోపలివైపు ఉంటే మంచిది, బయటివైపు ఉంటే పడ్డప్పుడు తారుకి ముందు తగిలేది అదే. జిప్ బిగుసుకుంటే నూనె పోయకండి, దుమ్ము పడుతుంది. కొవ్వొత్తి రుద్దండి. రన్నర్ పోతే కొత్త బూటు అక్కర్లేదు, చెప్పులు కుట్టే ఆయన మార్చేస్తాడు.

వాటర్‌ప్రూఫ్ మీద నా మాట చాలామందికి నచ్చదు. హైదరాబాద్‌లో ఆఫీసుకి తిరిగేవాళ్ళకి అక్కర్లేదు. ఆ బూట్లలో తోలుకీ లోపలి గుడ్డకీ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. నీటి బొట్టుని రానివ్వదు, చెమట ఆవిరిని పోనిస్తుంది అంటారు. అబద్ధం కాదు. కానీ లోపలి కంటే బయట చల్లగా, పొడిగా ఉన్నప్పుడే ఆవిరి బయటికి పోవాలనుకుంటుంది. ఇటలీ కొండల్లో అది చక్కగా పనిచేస్తుంది. మన మే నెల 42 డిగ్రీల్లో, పక్కన ఇంజిన్ వేడి తగులుతుంటే, ఆవిరి ఎటు పోతుంది? విశాఖలో, కాకినాడలో ఉండేవాళ్ళకి గాలిలోనే తడి కాబట్టి ఇంకా కష్టం. సాయంత్రానికి సాక్స్ పిండితే నీళ్ళు వస్తాయి, వాన పడకుండానే. ఇంకో సంగతి, పొట్టి బూటులోకి నీళ్ళు తోలు గుండా రావు, ప్యాంటు మీద నుంచి జారి పైనుంచి వస్తాయి. లోపలికి వచ్చాక ఆ పొర వాటిని బయటికి పోనివ్వదు. బకెట్ అవుతుంది. ఆరడానికి రెండు రోజులు.

కాబట్టి గాలి ఆడే బూటు కొని, డిక్కీలోనో బ్యాగులోనో రెయిన్ కవర్లు పెట్టుకోండి. అవి వేసుకుని మెట్లు ఎక్కకండి, చాలావాటి అడుగు నున్నగా ఉంటుంది. కవర్లు మర్చిపోయిన రోజు రెండు బ్రెడ్ ప్యాకెట్ కవర్లు సాక్స్ మీద తొడిగి బూటు వేసుకుంటే మాదాపూర్ నుంచి నిజాంపేట దాకా కాళ్ళు పొడిగానే వస్తాయి. సొగసుగా ఉండదు, ఎవరికి కనిపిస్తుంది గనక. వానాకాలమంతా కొండల్లో తిరిగేవాళ్ళూ, మేఘాలయ, లడఖ్ వెళ్ళేవాళ్ళూ మాత్రం వాటర్‌ప్రూఫే కొనాలి. అక్కడ తడికాళ్ళంటే చలి, చలికి మొద్దుబారిన కాలితో బ్రేక్ వేయడం.

సాక్స్ దూది నూలువి వద్దు. చెమట తాగి అలాగే ఉండిపోతాయి, బొబ్బలు అక్కడే మొదలవుతాయి. పాలిస్టర్ గాని ఉన్ని కలిపినవి గాని, బూటు అంచు కంటే నాలుగు వేళ్ళు పొడుగ్గా ఉన్నవి, మూడు జతలు.

ఏ కంపెనీ అని అడిగారు. ఒరాజో, రైడా లాంటి మనవాళ్ళ బూట్లు మీ బడ్జెట్‌లో వస్తాయి, మన పాదాలకి ఇటలీ అచ్చుల కంటే అవే కొంచెం ఉదారంగా ఉంటాయని నా అనుభవం. మోడల్‌ని బట్టి లేబుల్ మారుతుంది కాబట్టి పేరు చూసి కాదు, పైన చెప్పినట్టు లేబుల్ చూసి కొనండి. ఇటలీవాటికి డబ్బు చాలదు, అయినా ఒక ముచ్చట. ఆల్పైన్‌స్టార్స్ అనే బూట్ల కంపెనీ 1963లో అసోలోలో మొదలైంది, సీడీ 1960లో, గేర్నే 1962లో, ఆ రెండూ పక్కనే ఉన్న మాజెర్‌లో. టీసీఎక్స్ మోంటెబెల్లూనాది. అన్నీ ట్రెవీజో జిల్లాలో, ఒకదానికొకటి మన మండలాలంత దూరంలో. ఆ ప్రాంతంవాళ్ళు మొదటి నుంచీ కొండలెక్కే బూట్లు, మంచు మీద జారే స్కీ బూట్లు కుట్టేవాళ్ళు. చీలమండని పట్టి ఉంచే బూటు కుట్టడం వాళ్ళకి అలా అబ్బింది. ఆల్పైన్‌స్టార్ అంటే ఆ కొండల్లో పూసే పువ్వు, ఎడెల్వైస్. ఆ బూట్లు ఎప్పుడైనా సెకండ్‌హ్యాండ్‌లో సగం ధరకి కనిపిస్తే మీకు ఆశ పుడుతుంది. అందుకే ఈ కింది సంగతి.

మా పెదనాన్న కొడుకు విశాఖలో ఉంటాడు. మంచి బూట్లు కొని, అరకు వెళ్ళేటప్పుడే వేసుకుందామని పెట్టెలో దాచుకున్నాడు. ఆరేళ్ళు. రెండుసార్లు వేశాడేమో. మూడోసారి అనంతగిరి ఘాట్‌లో కాఫీ తాగడానికి దిగి రెండడుగులు వేస్తే, ఎడమ సోల్ రోడ్డు మీదే ఉండిపోయింది. చేత్తో పట్టుకుంటే బెల్లంగడ్డలా పొడిపొడి అయింది. పాత ట్యూబు ముక్కతో కట్టుకుని ఇంటికొచ్చాడు. చాలా బూట్లకి సోల్‌లో పాలీయూరెథేన్ అనే నురగ ఉంటుంది. గాలిలో తేమ తగిలి అది ఏళ్ళ తరబడి లోపల్లోపల విరిగిపోతుంది. వాడకుండా పెట్టెలో మూసి ఉంచితే ఇంకా తొందరగా. పైకి తోలు మెరుస్తూనే ఉంటుంది. డిస్కౌంట్ సేల్‌లో పాత స్టాకు, సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఐదేళ్ళు దాటితే వదిలేయండి. తేదీ లేకపోతే సోల్ పక్కభాగాన్ని గోటితో గట్టిగా నొక్కండి, గుంట పడి అలాగే ఉన్నా, బీటలు కనిపించినా వద్దు. రోజూ వాడే బూటుకి ఈ భయం తక్కువ.

తడిస్తే ఎండలో పెట్టొద్దు, తోలు అప్పడంలా అవుతుంది. లోపలి అట్టలు తీసి, పాత పేపర్లు కుక్కి, ఫ్యాన్ కింద. రెండు నెలలకోసారి తోలుకి క్రీమ్. అంతే.

మీ ఆవిడ సంగతి. వెనక కూర్చునేవాళ్ళకి గేర్ లేదు కాబట్టి సగం షరతులు పోతాయి. చీలమండ కప్పాలి, సోల్ పిండితే ముడుచుకోకూడదు, మడమ ఎత్తు ఉండకూడదు, లేసులు వద్దు. ఎత్తు మడమ ఫుట్‌రెస్ట్ వెనక ఇరుక్కుంటుంది. సైలెన్సర్ వైపు కాలికి చెప్పులైతే ఎప్పుడో ఒకప్పుడు మచ్చ తప్పదు, మా ఇంట్లో ఆ మచ్చ ఇంకా ఉంది, ఇంకా గుర్తుచేస్తూనే ఉంటుంది. చీరతో ఒకవైపు కూర్చునే అలవాటుంటే ఘాట్ రోడ్లకి మాత్రం ఆ అలవాటు మార్పించండి. ఏ బూటూ ఆ కూర్చోవడానికి సాయం చేయలేదు. చీర గార్డ్ పీకేయకండి. బండికి చూడ్డానికి బాగోదని చాలామంది తీసేస్తున్నారు గాని, వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 123వ నియమం చెప్తోంది. ఆడవాళ్ళ సైజుల్లో రైడింగ్ బూట్లు తక్కువ దొరుకుతాయి, మగవాళ్ళ పొట్టి బూట్లలో చిన్న సైజు చూడండి, సెంటీమీటర్ల లెక్కతోనే.

ఈ రోజు సాయంత్రం రెండు పాదాలూ గీసి కొలతలు ఇక్కడ పెట్టండి, పొడవూ వెడల్పూ. మీరు చూస్తున్న రెండు మూడు మోడళ్ళ లేబుల్ ఫొటోలు కూడా దొరికితే పెట్టండి. నాది పొడవు 27, వెడల్పు 11. మీది అంతకంటే వెడల్పైతే నేను వేసుకునేవి మీకు చెప్పి లాభం లేదు.